డ్రెయిన్ బోల్టు ఎంత బిగించాలి? కొత్త వాషర్ వేసినా రాత్రికి ఒక చుక్క కారుతోంది

నాగావళి_125 (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఉండేది శ్రీకాకుళం, డ్యూటీ పైడిభీమవరం, బండి హోండా షైన్ 125, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రోజూ హైవే మీద వెళ్లిరావడమే కాబట్టి ఆయిల్ తొందర తొందరగా మార్చాల్సి వస్తుంది, ఇన్నాళ్లూ షాపులోనే మార్పించేవాణ్ణి. పోయినసారి అక్కడ కుర్రాడు పానాకి ఇనుప గొట్టం తగిలించి కాలితో తొక్కి మరీ డ్రెయిన్ బోల్టు (ఇంజన్ అడుగున పాత ఆయిల్ దించే బోల్టు) బిగించాడు. అంత అవసరమా తమ్ముడూ అంటే, కారితే మళ్లీ మమ్మల్నే అడుగుతారు కదా సార్ అన్నాడు. అప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది, ఈసారి నేనే మార్చుకుందామని అనుకున్నాను.

మొన్న ఆదివారం పొద్దున్న బండిని ఐదు నిమిషాలు తిప్పి తెచ్చి, డబుల్ స్టాండ్ వేసి, 17 నంబర్ రింగు పానా పెట్టి లాగితే బోల్టు కదల్లేదు. పానా మీద సుత్తితో మెల్లగా తడితే టక్కుమని విడిచింది. ఆయిల్ మొత్తం కారేదాకా ఆగి బోల్టు తుడిచి చూశాను, దానికి వాషర్ లేదు. వాషర్ వేయకుండానే బిగించేశాడు, అందుకే అంత బలం పెట్టాల్సి వచ్చిందేమో అనుకుని, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్పేర్ పార్ట్స్ షాపులో అల్యూమినియం వాషర్ కొని అది వేసి బిగించాను. మరీ గట్టిగా కాదు, గొట్టం గట్రా ఏమీ లేకుండా ఒంటి చేత్తో.

రాత్రి బండి కింద అట్టముక్క పరిచాను. పొద్దున్న చూస్తే రూపాయి బిళ్లంత మరక. రెండో రాత్రి కొత్త అట్ట వేశాను, మళ్లీ అంతే. కింద పడుకుని టార్చి వేసి చూస్తే బోల్టు తల అంచున ఒక చుక్క వేలాడుతోంది, కొత్త ఆయిల్ కాబట్టి తేనె రంగులో ఉంది, పడటం లేదు, అలా అని ఆగడమూ లేదు.

మా నాన్నగారు ఇంకో పట్టు పట్టు అంటున్నారు. మా బావ చుట్టూ ఎం-సీల్ పెట్టెయ్ అంటున్నాడు. ఇంకా బిగిస్తే లోపల థ్రెడ్ (మర) పోతుందని నా భయం, వదిలేస్తే పైడిభీమవరం దారిలో ఎక్కడో బోల్టు ఊడిపోతుందని ఇంకో భయం, రెండు రోజులుగా ఇదే టెన్షన్. నా దగ్గర టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) లేదు, బండితో పాటు మాన్యువల్ పుస్తకం కూడా రాలేదు. అసలు ఎంత బిగిస్తే సరిపోయినట్టు? చేతికి ఎలా తెలుస్తుంది?


బొబ్బిలి_రైడర్

ముందు ఆ పానా పక్కన పెట్టండి బ్రదర్. కారేది బోల్టు దగ్గరి నుంచే అని తేలకుండా బిగించకండి. ఇంజన్‌లో అన్నిటికన్నా కింద ఉండేది ఆ బోల్టే కాబట్టి పైన ఎక్కడ కారినా ఆయిల్ జారుకుంటూ వచ్చి అక్కడే చుక్క కడుతుంది. గేర్ రాడ్ బయటికి వచ్చే చోట రబ్బరు సీల్ ఉంటుంది, అది అరిగినా ఇంతే, పక్క కవర్ గ్యాస్కెట్ కారినా ఇంతే.

తేల్చుకోవడం తేలిక. ఇంజన్ కింది భాగమంతా కిరసనాయిలో పెట్రోలో తడిపిన గుడ్డతో తుడవండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే. పూర్తిగా ఆరాక బోల్టు చుట్టూ, దాని పైన బెత్తెడు మేర మామూలు టాల్కం పౌడర్ అద్దండి. ఒక గంట ఆగి చూస్తే తెల్ల పొడి మీద తడి ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనిపిస్తుంది. పైనుంచి గీత దిగితే బోల్టుది తప్పు కాదు. బోల్టు తల చుట్టూ ఉంగరంలా తడిస్తే వాషర్ దగ్గరే తేడా ఉన్నట్టు.

నాకు పోయిన వర్షాకాలంలో ఇలాగే అయింది, నేను బోల్టు అనుకున్నాను, తీరా చూస్తే గేర్ రాడ్ సీల్.


చీపురుపల్లి_స్విఫ్ట్

ఇంత ఆలోచించక్కర్లేదు అనుకుంటా. నేను ఎప్పుడూ చేత్తో బాగా బిగించి, పైన పానాతో ఒక్కసారి గట్టిగా లాగి వదిలేస్తాను, ఇన్నేళ్లలో ఏమీ కాలేదు. కొద్దిగా బిగించి చూడండి, ఆగిపోతుంది.


స్కూటీ_టీచర్ (విజయనగరం)

దయచేసి ఆ పని చేయకండి. అదే ఒక్క పట్టుతో నా స్కూటర్‌కి ఏమైందో చెబుతాను.

నాది యాక్టివా. స్కూలు మా ఇంటికి 20 కిలోమీటర్లు, బస్సు టైమింగులు కుదరక దాని మీదే వెళ్తాను. పోయిన ఏడాది ఊళ్లో ఒక షాపులో ఆయిల్ మార్పించాక నాకూ ఇలాగే చిన్న చుక్క. తీసుకెళ్తే ఆ అబ్బాయి వాషర్ మార్చకుండా ఇంకొంచెం బిగించాడు. చుక్క ఆగింది. నేనూ సంతోషించాను. మూడు నెలల తర్వాత వేరే షాపులో ఆయిల్ మార్చడానికి బోల్టు తిప్పుతుంటే అది గట్టిగానూ లేదు, వదులుగానూ లేదు, జిగటగా తిరుగుతూ వచ్చింది. బయటికి తీస్తే బోల్టు మర నిండా వెండి తీగ చుట్టినట్టు ఏదో ఉంది. ఇదేంటి బాబూ అంటే, ఇంజన్ లోపలి థ్రెడ్డే మేడమ్, మొత్తం ఊడి వచ్చేసింది అన్నాడు. ఆ తీగని నేను చేతిలో పట్టుకుని చూశాను, జడపిన్ను కన్నా సన్నగా, స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా ఉంది.

కొత్త కేసు, అంటే ఇంజన్ బయటి డొల్ల, వేయాలంటే ఇంజన్ దింపి మొత్తం విప్పాలన్నారు, నెల జీతంలో సగం చెప్పారు. చివరికి లేత్ షాపులో బాగు చేయించుకున్నాం కానీ వారం రోజులు స్కూలుకి ఆటో మారి ఆటో ఎక్కి వెళ్లాను. బిగించిన రోజున ఏమీ కాదండీ, తర్వాతెప్పుడో విప్పిన రోజున తెలుస్తుంది. అందుకే ఇన్నేళ్లలో ఏమీ కాలేదు అనే మాట నమ్మి చేయకండి అని చెప్తున్నాను.

ఇంకో మాట, స్కూటర్ ఉన్నవాళ్లకి. కింద రెండు బోల్టులు ఉంటాయి, ఒకటి ఇంజన్ ఆయిల్‌ది, రెండోది వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్‌ది. తెలియనివాళ్లు గేర్ ఆయిల్ బోల్టు విప్పేసి, కొత్త ఇంజన్ ఆయిలేమో పాతదాని మీద పోస్తారు. ఏది దేనిదో మాన్యువల్‌లో బొమ్మ చూసుకునే ముట్టుకోండి.


సాలూరు_లేత్

బాబూ నాగావళి, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. సంగతి నీ మాటల్లోనే ఉంది. బోల్టు తీసినప్పుడు వాషర్ లేదు అన్నావు. నా అనుమానం, వాషర్ ఉంది. అది బోల్టుతో రాలేదు, ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది.

గొట్టం వేసి తొక్కి బిగించాడు అన్నావు కదా. అల్యూమినియం వాషర్‌ని అల్యూమినియం కేసు మీద అంత బలంతో నొక్కితే అచ్చు గుద్దినట్టు అంటుకుపోతుంది. పైగా ఆయిలూ దుమ్మూ మసీ పట్టి కేసు రంగే దానికీ వస్తుంది, టార్చి వేసినా రెండూ ఒకటే లోహంలా కనిపిస్తాయి. దాని మీద నువ్వు కొత్తది వేశావు. అంటే ఇప్పుడు ఒకదాని మీద ఒకటి రెండు వాషర్లు. పాతదాని మొహం మీద బోల్టు తల తిరిగిన గాడి గుండ్రంగా పడి ఉంటుంది, కొత్తది ఆ గాడి మీద సమంగా కూర్చోదు, ఆ సందులోంచి నీ చుక్క వస్తోంది. నాలుగు దశాబ్దాలుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటివి ఎన్ని చూశానో లెక్క లేదు. అయినా నా మాట పట్టుకుని కూర్చోకు, బోల్టు విప్పి రంధ్రం అంచున వేలి గోరు పెట్టి గీకి చూడు. గోరుకి మెట్టులా తగిలితే అది వాషరే. సన్నని స్క్రూడ్రైవర్ కొస అంచున పెట్టి మెల్లగా లేపితే వచ్చేస్తుంది, కేసు మీద గీత పడకుండా చూసుకో, ఆ మొహం నున్నగా ఉంటేనే తర్వాత వేసే వాషర్ పట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎంత బిగించాలి.

ఇది చెప్పాలంటే ముందు ఒక సంగతి బుర్రకెక్కాలి. అక్కడ ఆయిల్‌ని ఆపేది వాషర్. బోల్టు చేసేదల్లా ఆ వాషర్‌ని నొక్కి పట్టుకోవడం. చాలామంది బోల్టే బిరడాలా ఆపుతుంది అనుకుని బలం పెడతారు. ఇంజన్ అడుగున ఆయిల్‌కి ఒత్తిడి ఏమీ ఉండదు, గిన్నెలో నీళ్లలా ఊరికే నిలిచి ఉంటుంది, పంపు ఒత్తిడంతా పైకి వెళ్లే దారుల్లో. కాబట్టి ఆ బోల్టు ఆపాల్సింది కొద్దిపాటి ఆయిల్ బరువుని, ఓర్చుకోవాల్సింది ఇంజన్ అదురుని. దానికి కాలితో తొక్కాల్సిన పని లేదు.

రెండోది, బోల్టు స్టీలు, కేసు అల్యూమినియం. ఎక్కువ బలం పెడితే పోయేది మెత్తనిదే, అంటే కేసులో మర. టీచరమ్మగారు చూసిన వెండి తీగ అదే. సాలూరు లారీల ఊరని మీ అందరికీ తెలుసు, ఇక్కడ కుర్రాళ్లు పని నేర్చుకునేది లారీల మీద. అక్కడ బోల్టులు పెద్దవి, పానాలు పొడుగువి, చేతికి ఆ బలమే అలవాటు అవుతుంది. అదే చెయ్యి 125 సీసీ బండి మీద పెడితే కుర్రాడి తప్పు అనలేను, చెప్పేవాడు లేకపోవడం వల్ల వచ్చిన అలవాటు అది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటి నెల బైకు బోల్టు ముట్టుకోనివ్వను, పాత పాడైన కేసు ఒకటి ఉంది, దాని మీద బిగించి బిగించి మర పోయేదాకా చేయిస్తాను. ఎక్కడ పోతుందో ఒకసారి చేతికి తెలిస్తే ఇక జన్మలో అంతదాకా పోడు.

లెక్క చెప్తాను. ఈ తరగతి హోండా, హీరో బండ్లలో చాలావాటికి డ్రెయిన్ బోల్టు మర 12 మిల్లీమీటర్లు, మర పిచ్, అంటే ఒక చుట్టుకి బోల్టు దిగే దూరం, 1.5 మిల్లీమీటర్లు. బిగింపు మోడల్‌ని బట్టి 24 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు. నీ మోడల్‌కి ఎంతో మాన్యువల్‌లో ఉన్న అంకే చివరి మాట, కంపెనీ వెబ్‌సైట్‌లో పుస్తకం దొరుకుతుంది, ఫోన్‌లోకి దించుకో. దొరికేదాకా తక్కువ అంకె దగ్గరే ఆగు, కొత్త వాషర్‌కి అది చాలు.

టార్క్ రెంచ్ లేదని దిగులు పడకు. బిగింపు అంటే పానా పొడవుని లాగే బలంతో గుణించడమే. చేపలమ్మే వాళ్ల దగ్గర, జీడిపిక్కలు తూచే వాళ్ల దగ్గర కొక్కెం ఉన్న స్ప్రింగ్ కాటా ఉంటుంది చూడు, అది చాలు. పానాని బోల్టుకి పెట్టి, బోల్టు నడిమధ్య నుంచి సరిగ్గా 20 సెంటీమీటర్ల దగ్గర పానా మీద గుర్తు పెట్టు. ఆ గుర్తు దగ్గర గట్టి తాడు కట్టి కాటా కొక్కెం తగిలించి లాగు. కాటా పన్నెండున్నర కేజీలు చూపించిందంటే 24 న్యూటన్ మీటర్ల పైన కొద్దిగా పడినట్టు. అక్కడితో ఆపెయ్. పానాకి అడ్డంగా, మూలమట్టంగా లాగాలి, ఏటవాలుగా లాగితే లెక్క తప్పుతుంది. 25 సెంటీమీటర్ల దగ్గర లాగితే 10 కేజీలు చాలు. పానా అంత పొడుగు లేకపోతే 15 సెంటీమీటర్ల దగ్గర పదహారున్నర. మీ కుర్రాడి గొట్టం అర మీటరు ఉందనుకో, దాని చివర 40 కేజీల బరువు పడేలా తొక్కాడనుకో, అది 196 న్యూటన్ మీటర్లు, అంటే కావాల్సిన దానికి ఎనిమిది రెట్లు. నీ మర ఇంకా ఉందంటే అదృష్టం.

కాటా కూడా లేకపోతే చేతి లెక్క. చేత్తో తిప్పుతూ వెళ్తే ఒకచోట బోల్టు తల వాషర్‌ని ముట్టుకుని ఆగుతుంది. అక్కడి నుంచి పానాతో తిప్పితే మొదట మెత్తగా, వెన్నలో దిగుతున్నట్టు ఒక కదలిక ఉంటుంది, అది వాషర్ నలగడం. తర్వాత ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ మార్పు దగ్గరే ఆగాలి. కొత్త వాషర్‌తో అది ఇంచుమించు పావు చుట్టు. పిచ్ 1.5 కదా, పావు చుట్టు అంటే బోల్టు లోపలికి దిగేది 0.4 మిల్లీమీటరు కూడా ఉండదు. బిగుసుకున్నాక కూడా బోల్టు మళ్లీ మెత్తగా తిరుగుతోందంటే వెంటనే ఆపు, అప్పుడు నలిగేది వాషర్ కాదు, మర.

పానా పొట్టిది వాడు. పట్టుకునేటప్పుడు చివర కాకుండా తలకి దగ్గరగా పట్టుకో, నాలుగు వేళ్లూ మణికట్టూ మాత్రమే పని చేయాలి, భుజం వాలకూడదు.

బోల్టు మొదలుపెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. మర ఎక్కువగా పోయేది బిగింపులో అనుకుంటారు గానీ చాలాసార్లు మొదటి చుట్టులోనే పోతుంది, బోల్టు వంకరగా ఎక్కడం వల్ల. రంధ్రం అంచూ బోల్టూ శుభ్రంగా తుడిచి, బోల్టు నిటారుగా పెట్టి ముందు వెనక్కి, అంటే విప్పే వైపు తిప్పు. ఒకచోట టిక్కుమని చిన్నగా పడుతుంది, అప్పుడు మర మొదలు ఎదురెదురుగా వచ్చినట్టు. అక్కడి నుంచి బిగించే వైపు తిప్పితే వేళ్లతోనే చివరిదాకా వెళ్లిపోవాలి. మధ్యలో పానా అవసరం పడిందంటే వంకరగా ఎక్కిందని అర్థం, విప్పి మళ్లీ మొదలుపెట్టాలి.

టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, ముక్కలు తెగి లోపలికి పోతే ఆయిల్ జాలీకి అడ్డం పడతాయి. ఎం-సీల్ పెట్టొద్దు, వచ్చేసారి దాన్ని ఉలితో కొట్టి తీయాలి. వాషర్ ప్రతిసారీ కొత్తది వెయ్యి, దాని ఖరీదు టీ ఖరీదంత. రాగి వాషర్ అయితే ఒక వెసులుబాటు ఉంది, గ్యాస్ పొయ్యి మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది, గాడి లోతుగా పడనంతవరకూ ఇంకోసారి వాడొచ్చు. అల్యూమినియానికి ఆ పని చేయకు, అది ఎర్రబడకముందే కరిగిపోతుంది.

టీచరమ్మగారూ, మీకు లేత్ షాపులో వేసింది హెలికాయిల్ అయి ఉంటుంది. పోయిన మరని కొంచెం పెద్దగా తొలిచి అందులో స్టీలు తీగ చుట్ట ఎక్కిస్తారు, దానిలోకి పాత సైజు బోల్టే పడుతుంది. సరిగ్గా వేస్తే పాత మర కన్నా గట్టిది, దిగులు పడకండి. కొంతమంది 14 సైజుకి తొలిచి పెద్ద బోల్టు వేస్తారు, గోడ మందం ఉంటే అదీ పర్వాలేదు. ఏది చేసినా మర కోసే ట్యాప్‌కి గ్రీజు పూసి తొలవాలి, రజను గ్రీజుకే అంటుకుని బయటికి వస్తుంది. ఆఖర్న కాస్త ఆయిల్ పై నుంచి పోసి రంధ్రంలోంచి కారనిచ్చి లోపల కడగాలి. ఇది చేయకుండా బోల్టు బిగించేసేవాడి దగ్గర ఆ పని చేయించకండి.


నాగావళి_125

గురువు గారూ, ఒక్క డౌటు. ఇప్పుడు బోల్టు విప్పితే కొత్తగా పోసిన ఆయిల్ అంతా పోతుంది కదా? మళ్లీ కొనాలా?


బొబ్బిలి_రైడర్

అక్కర్లేదు. నూనె జిడ్డూ తడీ లేని శుభ్రమైన గిన్నెలో పట్టుకుని, మూత పెట్టి ఉంచి, మళ్లీ అదే పోయండి. రెండు రోజులే కదా తిరిగింది. దుమ్ము పడకుండా చూసుకుంటే చాలు. గుడ్డతో వడకట్టొద్దు, నూలు పోగులు దిగుతాయి.

పాత ఆయిల్ సంగతి కూడా చెప్పేస్తాను, మొన్న తీసింది ఏం చేశారో గానీ కాలవలో మాత్రం పోయకండి. డబ్బాలో పట్టి ఏదైనా షాపులో ఇస్తే వాళ్లు పీపాలో పోసి అమ్ముకుంటారు. మన ఊళ్లలో కాలవ దిగేది నాగావళిలోకో వంశధారలోకో, తాగేది ఆ నీళ్లే.


చీపురుపల్లి_స్విఫ్ట్

గురువు గారు చెప్పింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను చేసేది కారుకి, అదీ ఎప్పుడూ కొత్త వాషర్‌తో, అందుకే ఏమీ కాలేదేమో. నాగావళి గారూ, నా మాట విని బిగించలేదు కదా?


నాగావళి_125

లేదండీ, బిగించలేదు. నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి ఇంజన్ చల్లారేదాకా ఆగి కూర్చున్నాను. ముందు బొబ్బిలి బ్రదర్ చెప్పినట్టు పౌడర్ అద్దాను. గంటకి చూస్తే పైన అంతా తెల్లగా పొడిగానే ఉంది, బోల్టు తల చుట్టూ మాత్రం సన్నని ఉంగరంలా తడిసింది. అంటే బోల్టు దగ్గరే.

ఆయిల్ స్టీలు గిన్నెలోకి దించి బోల్టు తీశాను. నా కొత్త వాషర్ బోల్టుతో పాటు వచ్చింది, ఒక పక్కే నలిగి ఉంది, రెండో పక్క మెరుపు కూడా పోలేదు. తర్వాత రంధ్రం అంచున గోరు పెట్టి గీకాను. మొదట ఏమీ తగల్లేదు. పెట్రోలు గుడ్డతో గట్టిగా తుడిచి మళ్లీ గీకితే మెట్టు తగిలింది! గురువు గారూ, ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం చెప్పలేను. మా నాన్నగారిని పిలిచి చూపించాను, ఆయనకి కళ్లజోడు పెట్టుకున్నా తేడా కనపడలేదు, వేలు పెట్టి చూపిస్తేనే ఒప్పుకున్నారు. చిన్న స్క్రూడ్రైవర్‌తో రెండు వైపులా కొంచెం కొంచెం లేపితే పాత వాషర్ ఊడి చేతిలో పడింది. కాగితంలా పలచబడిపోయి, లోపలి అంచు మర మీదికి ఒరిగిపోయి ఉంది. దాని మీద బోల్టు తల తిరిగిన గాడి మీరు రాసినట్టే ఉంది, లోతుగా, గుండ్రంగా.

మర మీద టార్చి వేసి చూశాను. బయటి వైపు ఒకటిన్నర చుట్టు కొంచెం మొండిగా ఉంది, లోపలివి పదునుగానే ఉన్నాయి. బోల్టు వేళ్లతోనే చివరిదాకా సాఫీగా వెళ్లింది.

పక్కవీధిలో చేపలమ్మే ఆవిడ దగ్గర స్ప్రింగ్ కాటా అడిగి తెచ్చాను. ముందు అది సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఐదు లీటర్ల నీళ్ల డబ్బా తూచాను, డబ్బా బరువుతో కలిపి 5 కేజీల పైన కొద్దిగా చూపించింది, సరే అనిపించింది. పానా మీద 20 సెంటీమీటర్ల దగ్గర మా చెల్లి నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టి, కొత్త వాషర్ వేసి లాగాను. 8 కేజీల దాకా మెత్తగా కదిలింది, తర్వాత బిగుసుకుంది, పన్నెండున్నర దగ్గర ఆపేశాను. నిజం చెప్పాలంటే ఇంత తక్కువ బలమా అని ఆశ్చర్యపోయాను, పోయిన ఆదివారం నేను ఒంటి చేత్తో మామూలుగా బిగించాను అనుకున్నది దీనికన్నా ఎక్కువే ఉంటుంది.

ఆయిల్ తిరిగి పోసి, గేజు పుల్ల మర తిప్పకుండా ఊరికే ఆనించి లెవెల్ చూసుకున్నాను, పై గీతకి కొంచెం కిందే ఉంది. రాత్రి కొత్త అట్ట వేశాను. పొద్దున్న నాలుగున్నరకే మెలకువ వచ్చి చూశాను, పొడిగా ఉంది. డ్యూటీకి వెళ్లి వచ్చాక ఇంకోసారి వేలితో బోల్టు చుట్టూ తడిమాను, దుమ్ము తప్ప ఏమీ లేదు.

మాన్యువల్ కూడా దించుకున్నాను, ఇక నుంచి అందులో అంకె చూసుకునే చేస్తాను. అందరికీ, ముఖ్యంగా గురువు గారికి చాలా చాలా థ్యాంక్స్.


సాలూరు_లేత్

సంతోషం బాబూ. బయటి ఒకటిన్నర చుట్టు మొండిగా ఉంది అన్నావు, దానికి కంగారు లేదు, మిగతా మర మీద అది నిలుస్తుంది. కానీ ఇక మీదట షాపులో ఇచ్చినా ఆ బోల్టు మాత్రం నీ ఎదురుగా బిగించమను, గొట్టం తీశాడంటే ఆపించు. ఇంకోసారి ఆ దెబ్బ తగిలితే తట్టుకోదు. పాత వాషర్ పారేయకు, షాపు కుర్రాడికి చూపించు, మాటలకన్నా అది చూస్తే త్వరగా అర్థమవుతుంది. వాణ్ణి తిట్టకు మాత్రం.


స్కూటీ_టీచర్ (విజయనగరం)

గురువు గారూ, మీరు చెప్పిన హెలికాయిల్ మాట ఆ లేత్ షాపు ఆయన్ని అడిగాను, అదేనట. గ్రీజు పూసి తొలిచారా అని కూడా అడిగాను. పూసే చేశామమ్మా, ఆయిల్ పోసి కడిగాం కూడా అన్నారు. ఏడాది నుంచి మనసులో ఉన్న బెంగ తీరింది.


చీపురుపల్లి_స్విఫ్ట్

గురువు గారూ, కారు లెక్క కూడా చెప్పండి. నాది పెట్రోల్ స్విఫ్ట్.


సాలూరు_లేత్

స్విఫ్ట్‌కి 35 న్యూటన్ మీటర్లు అని గుర్తు, నీ మోడల్ పుస్తకంలో ఒకసారి సరిచూసుకో. బోల్టు మధ్య నుంచి 35 సెంటీమీటర్ల దగ్గర 10 కేజీలు లాగితే దాదాపు అంతే వస్తుంది. వాషర్ కొత్తది. కారు కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకు, స్టాండ్లు పెట్టు, లేకపోతే చక్రాల కింద చెక్కలు పేర్చి వాటి మీదికి ఎక్కించు. మొన్న వేసిన వాషర్ ఊడి వచ్చిందో లేదో గోరుతో చూడటం నువ్వూ మర్చిపోకు.